అమెరికాలో నర్సింగ్ చదివాక స్పాన్సర్‌షిప్ ఎక్కడ ఆగుతోంది?

అమెరికాలో నర్సుల కొరత ఉందన్న మాట తెలుగు ఇళ్లకు కొత్త కాదు. ఆ దేశపు కార్మిక గణాంక సంస్థ లెక్క ప్రకారం 2024 మే నాటికి రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. పదవీ విరమణలు, వృత్తి మార్పులు కలుపుకుని రానున్న పదేళ్లలో సగటున ఏటా దాదాపు 1.89 లక్షల నర్సు ఉద్యోగాలు ఖాళీ అవుతాయని అదే సంస్థ అంచనా. కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేసినవారికే ఉద్యోగం కష్టమవుతున్న రోజుల్లో, ఈ రెండు అంకెలు చూసిన తల్లిదండ్రులకు నర్సింగ్ సీటు నమ్మకమైన దారిగా కనిపించడం సహజం. కాలేజీలో చేరితే చాలు, ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్సు పరీక్ష పాసైతే చాలు, మనుషులు దొరకని ఆసుపత్రి ఎలాగూ వీసాకు స్పాన్సర్ చేస్తుందన్నది ఈ ఆలోచనలోని వరస. ఇందులో మొదటి రెండు మెట్లు విద్యార్థి కష్టాన్ని బట్టి ఉంటాయి. మూడో మెట్టు విద్యార్థి ప్రతిభను బట్టీ ఉండదు, ఆసుపత్రి అవసరాన్ని బట్టీ ఉండదు. అందుకే అప్పు చేసి ఫీజు కట్టే ముందు ఆ మూడో మెట్టును అందరికన్నా ముందు అర్థం చేసుకోవాల్సింది కుటుంబమే.

అమెరికా వలస చట్టంలో మామూలు వార్డు నర్సు కోసం ప్రత్యేకంగా ఏర్పరచిన తాత్కాలిక ఉద్యోగ వీసా ఈరోజు లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి హెచ్-1బీ ఉంది. కెనడా, మెక్సికో పౌరులైన నర్సులకు టీఎన్ వీసా ఉంది. భారతదేశం నుంచి ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై వెళ్లి బ్యాచిలర్ ఆఫ్ సైన్స్ ఇన్ నర్సింగ్ (బీఎస్‌ఎన్) పూర్తి చేసినవారికి ఆసుపత్రి ఇవ్వగలిగే స్పాన్సర్‌షిప్ దాదాపుగా ఒకటే, గ్రీన్‌కార్డు పిటిషన్. ఆ పిటిషన్‌కు ఆమోదం రావడం పెద్ద కష్టం కాదు. ఆమోదం వచ్చాక వీసా సంఖ్య చేతికందడానికి పట్టే కాలం పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. చదువు ముగిశాక చట్టం ఇచ్చే పని అనుమతి ఒక ఏడాది. భారతదేశంలో పుట్టినవారికి గ్రీన్‌కార్డు క్యూ పదేళ్లకు పైమాటే. విదేశీ నర్సింగ్ విద్యార్థి సమస్య అంతా ఈ రెండు కాలాల నడుమ ఉన్న ఖాళీలోనే ఉంది.

ముందు ఆ ఏడాది సంగతి చూడాలి. ఎఫ్-1 విద్యార్థికి డిగ్రీ పూర్తయ్యాక ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్ పేరుతో, అంటే ఓపీటీ కింద, 12 నెలలు తన చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే వీలుంటుంది. ఇంజినీరింగ్, కంప్యూటర్, డేటా కోర్సులు చదివినవారికి దీని మీద, శాస్త్ర సాంకేతిక కోర్సులకిచ్చే మరో 24 నెలల 'స్టెమ్' పొడిగింపు దొరుకుతుంది. తెలుగు విద్యార్థుల్లో అత్యధికులు చదివేది ఆ కోర్సులే కాబట్టి, ఓపీటీ అంటే మూడేళ్లనే లెక్క మన సంభాషణల్లో స్థిరపడిపోయింది. వార్డులో పనిచేసే నర్సును తయారుచేసే బీఎస్‌ఎన్ డిగ్రీకి ఆ పొడిగింపు వర్తించదు. బంధువుల అబ్బాయికి మూడేళ్లు వచ్చాయి కనుక నర్సింగ్ చదివిన అమ్మాయికీ అంతే వస్తాయనుకోవడం, ఈ విషయంలో ఎక్కువగా కనిపించే పొరపాటు అంచనా.

పైగా ఆ 12 నెలలు పూర్తిగా ఉద్యోగానికి దక్కవు. లైసెన్సు లేకుండా రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయడం కుదరదు. డిగ్రీ పూర్తయినట్టు కాలేజీ రాష్ట్ర నర్సింగ్ బోర్డుకు తెలపాలి, బోర్డు అర్హత ఖరారు చేయాలి, పరీక్ష రాసే అనుమతి పత్రం రావాలి, ఎన్‌క్లెక్స్ తేదీ దొరకాలి, పాసయ్యాక లైసెన్సు నంబరు రావాలి. కొన్ని రాష్ట్రాల బోర్డులు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాయి. విద్యార్థికి ఆ నంబరు రావడానికి ఓపీటీ కార్డు కావాలి. ఓపీటీ దరఖాస్తును కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి ముగిశాక 60 రోజుల లోపు వేయాలి, మొదలయ్యే తేదీని విద్యార్థే ఎంచుకోవాలి, మొదలయ్యాక మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. తేదీ మరీ ముందుకు పెట్టుకుంటే లైసెన్సు రాకముందే గడియారం నడుస్తుంది. వెనక్కి పెట్టుకుంటే ఆసుపత్రి కొత్త నర్సులను చేర్చుకునే విడత దాటిపోవచ్చు.

ఈ చిక్కును ఆసుపత్రి వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. కొత్తగా డిగ్రీ పూర్తిచేసిన నర్సును ఏ ఆసుపత్రీ మొదటి రోజే రోగులకు ఒంటరిగా బాధ్యురాలిని చేయదు. అనుభవమున్న నర్సు పక్కన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు ఓరియెంటేషన్ ఉంటుంది. ఐసీయూ వంటి విభాగాల్లో అది ఇంకా పొడవు. చాలా ఆసుపత్రులు దానికి ఏడాది పాటు సాగే రెసిడెన్సీ కార్యక్రమాన్ని జోడిస్తాయి. ఇదంతా ఆసుపత్రి ఖర్చే. సరిగ్గా ఆ నర్సు సొంతంగా నిలదొక్కుకునే సమయానికి ఓపీటీ ముగిసిపోతుంది. నియామక అధికారి ముందు ఇద్దరు కొత్త నర్సులు ఉండి, ఒకరికి పని అనుమతి శాశ్వతంగానూ మరొకరికి పది నెలలకూ ఉంటే, నిర్ణయం ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు. ఉద్యోగ దరఖాస్తులో 'ఇప్పుడుగానీ భవిష్యత్తులోగానీ వీసా స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా' అన్న ప్రశ్నకు 'అవును' అని రాసిన చోటే చాలామంది దరఖాస్తులు ఆగిపోవడం వెనుక ఉన్నది ఈ లెక్కే. కొరత నిజమే, కానీ ఆసుపత్రులు ఎక్కువగా వెతికేది అనుభవమున్న నర్సుల కోసం.

మరి ఆ ఏడాదిలో హెచ్-1బీ వేయించుకోవచ్చు కదా అన్నది తరువాతి ప్రశ్న. హెచ్-1బీ 'స్పెషాల్టీ ఆక్యుపేషన్'కు, అంటే ఆ ఉద్యోగంలో అడుగుపెట్టడానికి నిర్దిష్ట రంగంలో కనీసం బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరైన వృత్తికి ఇచ్చే వీసా. ఇక్కడ చూసేది అభ్యర్థికి డిగ్రీ ఉందా అని కాదు, ఆ ఉద్యోగానికి డిగ్రీ లేనిదే కుదరదా అని. అమెరికాలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో కూడా ఎన్‌క్లెక్స్ రాసి రిజిస్టర్డ్ నర్సు కావచ్చు. కమ్యూనిటీ కాలేజీల నుంచి అలా వచ్చే నర్సులు దేశమంతటా ఉన్నారు. ఈ కారణం చూపించే వలస శాఖ మామూలు నర్సు ఉద్యోగాన్ని హెచ్-1బీకి తగినదిగా ఒప్పుకోదు. నాలుగేళ్లు చదివి మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి ఇది అన్యాయంగా తోస్తుంది, కానీ అర్హత కొలిచేది వ్యక్తిని కాదు, ఉద్యోగాన్ని. న్యూయార్క్ రాష్ట్రం 2017లో, కొత్తగా లైసెన్సు పొందిన నర్సులు పదేళ్లలోగా బ్యాచిలర్ డిగ్రీ పూర్తి చేయాలని చట్టం చేసింది. అయితే అది కూడా లైసెన్సు వచ్చాక పెట్టిన షరతే. వృత్తిలోకి వచ్చే గుమ్మం దగ్గర డిగ్రీని తప్పనిసరి చేయలేదు.

మినహాయింపులు లేకపోలేదు. నర్సు ప్రాక్టీషనర్, మత్తు ఇచ్చే నర్సు అనస్థటిస్ట్, క్లినికల్ నర్సు స్పెషలిస్ట్, నర్సు మిడ్‌వైఫ్ ఉద్యోగాలకు పైచదువు తప్పనిసరి కాబట్టి అవి సాధారణంగా హెచ్-1బీకి సరిపోతాయి. 2015 ఫిబ్రవరిలో వలస శాఖ తన అధికారులకు ఇచ్చిన మార్గదర్శక పత్రం, ప్రత్యేక విభాగాల్లోని కొన్ని నర్సు ఉద్యోగాలు కూడా తగిన రుజువులు చూపితే అర్హమవుతాయని చెబుతూ, నాణ్యతకు గుర్తింపుగా ఇచ్చే 'మాగ్నెట్' హోదా ఉన్న ఆసుపత్రులను ప్రస్తావించింది. ఆ హోదా ఉన్నంత మాత్రాన ఆమోదం ఖాయం కాదు. ఆ విభాగంలో ఉన్న నర్సులందరికీ బ్యాచిలర్ డిగ్రీ ఉందనీ, పని అంత సంక్లిష్టమైనదనీ ఆసుపత్రి నిరూపించాలి. ఆ శ్రమకు సిద్ధపడే ఆసుపత్రులు తక్కువ. సిద్ధపడినా, ఏటా 85,000కు పరిమితమైన కోటాలో లాటరీ తగలాలి. విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని బోధనాసుపత్రులకు ఆ కోటా పరిమితి వర్తించదు, కనుక ఈ దారిలో కొద్దిపాటి ఆశ ఉన్నది అక్కడే. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల రుసుము ప్రకటన, అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారేవారికి వర్తించదని అక్టోబరులో వలస శాఖ వివరణ ఇచ్చింది. దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్ అయితే ఆ భారం ఆసుపత్రిని వెనక్కి లాగడానికి చాలు.

నర్సుల కోసం అమెరికా ఎప్పుడూ తాత్కాలిక వీసా ఇవ్వలేదని కాదు. 1989 చట్టంతో హెచ్-1ఏ అనే వీసా ప్రత్యేకంగా నర్సుల కోసమే వచ్చింది, 1995లో దాని గడువు ముగిసింది. 1999 చట్టంతో వచ్చిన హెచ్-1సీ, వైద్య సిబ్బంది కొరత ఉన్న ప్రాంతాల్లోని ఆసుపత్రులకు ఏడాదికి 500 వీసాలే ఇచ్చింది. షరతులు ఎంత కఠినమంటే దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కించదగ్గ ఆసుపత్రులే అర్హత పొందాయి. 2009 డిసెంబరులో అదీ ముగిసింది. ఆ తర్వాత ఆ స్థానంలో ఏమీ రాలేదు. మహమ్మారి కాలంలో నర్సులను వీరులుగా కీర్తించిన దేశం, వారికోసం ఒక చిన్న తాత్కాలిక వీసాను కూడా పునరుద్ధరించలేకపోవడం చట్టసభల వైఫల్యమే.

ఇక మిగిలింది గ్రీన్‌కార్డు పిటిషన్. ఈ విషయంలో నర్సులకు చట్టం ఒక నిజమైన సౌకర్యం ఇచ్చింది. మామూలుగా విదేశీయుడికి గ్రీన్‌కార్డు ఇప్పించాలంటే యజమాని ముందుగా ప్రకటనలు ఇచ్చి, తగిన అమెరికన్ అభ్యర్థి దొరకలేదని కార్మిక శాఖకు రుజువు చేయాలి. ఐటీ ఉద్యోగులందరికీ పరిచయమైన పెర్మ్ ప్రక్రియ అదే. నర్సులు, ఫిజికల్ థెరపిస్టుల విషయంలో కొరత ఉందని కార్మిక శాఖ ముందే నిర్ధారించి, ఆ వృత్తులను 'షెడ్యూల్ ఏ' అనే జాబితాలో చేర్చింది. కనుక ఆసుపత్రి ఆ ప్రాంతపు ప్రామాణిక వేతనం ఎంతో కార్మిక శాఖ నుంచి తెప్పించుకుని, ఉద్యోగ స్థలంలో 10 పనిదినాల పాటు నోటీసు అతికించి, నేరుగా ఐ-140 అనే గ్రీన్‌కార్డు పిటిషన్ వేయవచ్చు. నర్సు వైపు నుంచి కావలసింది ఎన్‌క్లెక్స్ పాసైన రుజువు లేదా ఆ రాష్ట్రపు పూర్తి స్థాయి లైసెన్సు వంటివి. అదనపు రుసుము చెల్లిస్తే పిటిషన్‌పై నిర్ణయం వారాల్లోనే వస్తుంది. వేతన నిర్ధారణకు మాత్రం నెలలు పడుతుంది. అందుకే ఈ దారి ఎంచుకున్న నర్సు, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఆ వేతన దరఖాస్తు వేయించుకోవడం మంచిది. షెడ్యూల్ ఏ కేసుల్లో ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు క్యూలో స్థానాన్ని నిర్ణయించే తేదీ, ఐ-140 దాఖలైన రోజే మొదలవుతుంది, దానికి ముందు గడిచిన కాలం లెక్కలోకి రాదు.

గ్రీన్‌కార్డు చివరి దశలో వీసాస్క్రీన్ ధ్రువపత్రం కూడా కావాలి. 1996 వలస చట్ట సవరణతో వచ్చిన ఈ నిబంధన కింద నర్సు చదువు, లైసెన్సు, ఇంగ్లిష్ పరిజ్ఞానాన్ని ఒక సంస్థ పరిశీలించి పత్రం ఇస్తుంది. దశాబ్దాలుగా సీజీఎఫ్‌ఎన్‌ఎస్ పేరుతో ఉన్న ఆ సంస్థ ఇప్పుడు ట్రూమెరిట్ అయింది. అమెరికాలోనే చదివినవారికి ఇది అక్కర్లేదని కొందరు అనుకుంటారు. వారికీ కావాలి, ఇంగ్లిష్ పరీక్ష మాత్రం మినహాయింపు.

ఇంతవరకు దారి తేలికే. పిటిషన్ ఆమోదం పొందాక ఈబీ-3 అనే, ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల మూడో కోవ క్యూలో నిలబడాలి. ఏడాదికి ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు మొత్తం 1,40,000. అందులో ఈబీ-3 వాటా 28.6 శాతం, అంటే సుమారు 40,040. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ సాధారణంగా ఏడు శాతానికి మించి ఇవ్వరు కాబట్టి భారతదేశానికి వచ్చేవి ఏడాదికి దాదాపు 2,800. ఇందులోనే ఉద్యోగి భార్య లేదా భర్త, పిల్లలు కూడా లెక్కకు వస్తారు. ఇక ఈ క్యూలో ఉన్నది నర్సులొక్కరే కాదు. ఏళ్ల తరబడి హెచ్-1బీపై ఉన్న ఐటీ ఉద్యోగులు కూడా ఇదే వరుసలో ఉన్నారు. 2020 అక్టోబరులో ఈబీ-3 తేదీలు దాని పై కోవ అయిన ఈబీ-2 కన్నా ముందుకు వెళ్లినప్పుడు వేలమంది భారతీయులు, వారిలో తెలుగువారు ఎందరో, ఈబీ-2 నుంచి ఈబీ-3కి 'డౌన్‌గ్రేడ్' చేసుకున్న సంగతి చాలామందికి గుర్తే. షెడ్యూల్ ఏ నర్సును పెర్మ్ నుంచి తప్పించింది గానీ క్యూ నుంచి తప్పించలేదు. కొరత ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్న వృత్తి, కొరత లేని వృత్తులతో కలిసి ఒకే వరుసలో నిలబడాల్సి రావడం ఈ వ్యవస్థలోని అసలు లోపం.

క్యూ ఎంతవరకు వచ్చిందో నెలనెలా తెలిపే వీసా బులెటిన్ ప్రకారం 2025 చివరి నాటికి భారతదేశపు ఈబీ-3లో వంతు వచ్చినవారు 2013లో దరఖాస్తు చేసినవారు. ఈ తేదీ ఎప్పుడూ ముందుకే జరుగుతుందని కూడా అనుకోకూడదు. 2021 అక్టోబరులో అది 2014 జనవరి దాకా వచ్చింది. మహమ్మారి వల్ల మిగిలిపోయిన కుటుంబ వీసాలు ఉద్యోగ కోటాలో కలవడం అందుకు కారణం. రెండు నెలలు తిరక్కుండానే 2012 జనవరికి వెనక్కి పోయింది. నాలుగేళ్ల తర్వాత కూడా అప్పటి స్థానానికి చేరలేదు. కాబట్టి ఈరోజు పిటిషన్ వేసిన నర్సుకు ఎన్నేళ్లు పడుతుందని లెక్కగట్టి చెప్పేవారి మాటకు ఆధారం ఉండదు. పదేళ్లకు మించే ఉంటుందని మాత్రం అనుకోవాలి.

ఇతర దేశాల విద్యార్థుల పరిస్థితి దీనికన్నా మెరుగే, అయినా ఇబ్బంది లేకుండా లేదు. అదే సమయంలో నేపాల్, నైజీరియా వంటి దేశాల్లో పుట్టినవారికి ఈబీ-3 తేదీ 2023 వసంతం దగ్గర ఉంది, అంటే వేచివుండే కాలం రెండేళ్లకు పైగా. ఓపీటీ ఏడాదే కాబట్టి వారికీ ఖాళీ తప్పదు. కొందరు ఆ ఖాళీని మాస్టర్స్ చదువుతో నింపేవారు, కొందరు స్వదేశానికి వెళ్లి కాన్సులేట్ ద్వారా తిరిగి వచ్చేవారు. వారికి అది దాటగలిగే ఖాళీ. భారతదేశంలో పుట్టిన విద్యార్థికి ఆ పద్ధతులేవీ సరిపోనంత పెద్దది.

ఇక్కడ తెలుగు కుటుంబాలు గమనించాల్సిన ఒక చిన్న విషయం ఉంది. క్యూ నిర్ణయమయ్యేది పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన చోటును బట్టి. కడప, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాల్లో కువైట్‌లోనో సౌదీలోనో దుబాయ్‌లోనో పుట్టి, భారత పాస్‌పోర్టుతో ఇక్కడ పెరిగిన పిల్లలు ఉన్నారు. అలాంటివారు భారతదేశపు వరుసలోకి రారు, పుట్టిన దేశపు లెక్కలోకి వస్తారు. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే, ఇద్దరూ కలిసి వలస వెళ్లేటప్పుడు రెండోవారు కూడా ఆ దేశపు తేదీనే వాడుకోవచ్చు. ఈ సదుపాయం వర్తించేవారు కొద్దిమందే అయినా, వారికి పదేళ్ల క్యూ రెండు మూడేళ్లకు తగ్గుతుంది. జనన ధ్రువపత్రం జాగ్రత్తగా ఉంచుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం ఉండదు.

ఐ-140 వేయించుకున్న ఎఫ్-1 విద్యార్థికి మరో చిక్కు ఎదురవుతుంది. హెచ్-1బీలో ఉద్యోగం చేస్తూ గ్రీన్‌కార్డు కోరుకోవడాన్ని చట్టం అనుమతిస్తుంది. ఎఫ్-1లో అలా కాదు; చదువు ముగిశాక స్వదేశానికి తిరిగి వస్తానని విద్యార్థి కాన్సులేట్‌లో ఒప్పించాలి. తన పేరిట వలస పిటిషన్ దాఖలైందా అన్న ప్రశ్న వీసా దరఖాస్తులోనే ఉంటుంది. అవునని రాస్తే వీసా నిరాకరించే అవకాశం పెరుగుతుంది. కాదని రాస్తే అది అబద్ధం. దాని ఫలితం జీవితకాలపు నిషేధం దాకా వెళ్లగలదు. కనుక పిటిషన్ వేశాక పెళ్లికనో, ఇంట్లో పెద్దవారికి బాగోలేదనో ఊరికి వచ్చి, హైదరాబాద్ కాన్సులేట్‌లో మళ్లీ స్టాంపింగ్‌కు వెళ్లడమంటే పెద్ద ప్రమాదాన్ని నెత్తిన వేసుకోవడమే. భారతదేశంలో పుట్టిన విద్యార్థి విషయంలో తొందరపడి వేసిన ఐ-140 వెంటనే ఏ లాభమూ ఇవ్వకుండా, ప్రయాణాన్ని మాత్రం కష్టం చేస్తుంది. అయినా దానికి విలువ లేదనలేం. మోసం వంటి కారణాలతో రద్దు కానంతవరకు, ఆమోదం పొందిన పిటిషన్ తాలూకు ప్రయారిటీ డేట్ ఉద్యోగం మారినా నర్సు వెంటే ఉంటుంది. ఓపీటీ ముగిశాక దుబాయ్‌కో ఐర్లండ్‌కో వెళ్లి పనిచేస్తూ ఆ తేదీ కోసం ఎదురుచూడవచ్చు. సొంత రాష్ట్రానికి తిరిగి వచ్చి పనిచేయాలంటే మాత్రం విదేశీ నర్సింగ్ డిగ్రీకి ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు విడిగా తెచ్చుకోవాలి.

ఈ గోడల నడుమ కూడా దారులు వెతుక్కున్నవారు ఉన్నారు. వాటిలో కాస్త గట్టిది నర్సు ప్రాక్టీషనర్ దారి. బీఎస్‌ఎన్ తర్వాత ఓపీటీలో ఏడాది పనిచేసి, మళ్లీ ఎఫ్-1పైనే మాస్టర్స్ లేదా డాక్టరేట్ స్థాయి కోర్సులో చేరితే, పై స్థాయి డిగ్రీ కాబట్టి మరో 12 నెలల ఓపీటీ దొరుకుతుంది. ఆ ఉద్యోగం హెచ్-1బీకి సరిపోతుంది. హెచ్-1బీ వచ్చాక ఆమోదమైన ఐ-140 ఉంటే ఆరేళ్ల పరిమితి దాటి పొడిగించుకుంటూ వెళ్లవచ్చు. అంటే ఐటీ ఉద్యోగి స్థితికి నర్సు చేరుకుంటుంది. దానికి అయ్యే ఫీజు, పట్టే కాలం తక్కువేమీ కాదు. పైగా మంచి ప్రాక్టీషనర్ కోర్సులు వార్డులో అనుభవమున్నవారికి ప్రాధాన్యం ఇస్తాయి. మరికొందరు నర్సింగ్ వదిలి హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో ఎంఎస్ చేస్తారు; స్టెమ్ జాబితాలో ఉన్న కోర్సు అయితే ఓపీటీ మూడేళ్లు ఉంటుంది. కానీ ఆ ఓపీటీలో చేయాల్సింది డేటా, రికార్డుల పని. దాన్ని చూపి వార్డులో నర్సుగా పనిచేయడం కుదరదు.

అమెరికాలో నర్సింగ్ చదివి నిజంగా స్థిరపడుతున్న తెలుగువారిని గమనిస్తే, వారిలో చాలామందికి అసలు ఆసుపత్రి స్పాన్సర్‌షిప్‌తోనే పని లేదని తెలుస్తుంది. భర్త లేదా భార్య హెచ్-1బీపై ఉండి, వారి ఐ-140 ఆమోదం పొందినచోట, కుటుంబ సభ్యుల వీసా అయిన హెచ్-4లో ఉన్న జీవిత భాగస్వామికి 2015 నుంచి పని అనుమతి దొరుకుతోంది. హెచ్-4లో ఉండి చదువుకోవడానికి ఎఫ్-1 కూడా అవసరం లేదు. ఇక్కడ బీటెక్కో బీఫార్మసీయో చేసి, పెళ్లయ్యాక టెక్సస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన మహిళ, వేరే డిగ్రీ ఉన్నవారి కోసం నడిపే ఏడాది, ఏడాదిన్నర వేగవంతమైన బీఎస్‌ఎన్ కోర్సు చేసి నర్సుగా చేరితే, ఆసుపత్రి ఏ పిటిషనూ వేయనక్కర్లేదు. ఈ దారిలోనూ జాగ్రత్త అవసరమే. 2025 అక్టోబరు 30 నుంచి దాఖలయ్యే పని అనుమతి రెన్యువల్ దరఖాస్తులకు ఇదివరకటి ఆటోమేటిక్ పొడిగింపు తీసివేశారు. కార్డు గడువు లోపు కొత్తది రాకపోతే షిఫ్టులు ఆపుకోవాల్సిందే.

ఇదే ఇళ్లలో మరో బాధ ఉంది. నాలుగేళ్ల వయసులో తల్లిదండ్రులతో వెళ్లి అక్కడే పెరిగిన పిల్లలు, గ్రీన్‌కార్డు రాకముందే 21 ఏళ్లు నిండితే హెచ్-4 కోల్పోయి ఎఫ్-1కు మారాల్సి వస్తుంది. వారిలో నర్సింగ్ చదివేవారు, తమకు తెలిసిన ఒకే ఒక దేశంలో అంతర్జాతీయ విద్యార్థులవుతారు. ఓపీటీ ముగిశాక వారికీ భారతదేశపు ఈబీ-3 క్యూనే గతి. తల్లిదండ్రులు ఏ వరుసలో పదిహేనేళ్లు నిలబడ్డారో, దాని చివరికి వెళ్లి పిల్లలు మళ్లీ మొదటి నుంచి నిలబడతారు. నర్సులు కావాలని అడిగే దేశం, తన బడుల్లో చదివి, తన భాషలో రోగులతో మాట్లాడే నర్సును ఇలా బయటికి పంపడాన్ని ఏ విధంగానూ సమర్థించలేం.

చట్టసభ తలచుకుంటే ఇది సరిదిద్దలేనిదేమీ కాదు. 2005లో అమెరికన్ కాంగ్రెస్, గత సంవత్సరాల్లో వాడకుండా మిగిలిపోయిన గ్రీన్‌కార్డుల నుంచి 50,000 వరకు షెడ్యూల్ ఏ వృత్తులకు కేటాయించింది. దాదాపు ఏడాదిన్నరలో అవి అయిపోయాయి. మళ్లీ అలాగే నర్సులకు 25,000, వైద్యులకు 15,000 వీసాలు కేటాయించాలని, దేశాల వారీ పరిమితి వాటికి వర్తించకూడదని కోరే హెల్త్‌కేర్ వర్క్‌ఫోర్స్ రెజిలియెన్స్ బిల్లు 2020 నుంచి పలుమార్లు సభ ముందుకు వచ్చింది. ఇరుపక్షాల సభ్యులూ మద్దతిచ్చినా చట్టం కాలేదు. ఆ బిల్లు వస్తుందన్న ఆశ మీద నాలుగేళ్ల ఫీజు పెట్టడం మాత్రం మంచిది కాదు.

బ్రిటన్‌లో లెక్క తిరగబడి ఉంటుంది. అక్కడ రిజిస్టర్డ్ నర్సు ఉద్యోగానికి హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా నేరుగా ఉంది, దేశాల వారీ క్యూ లేదు, అక్కడే చదివినవారు విదేశీ నర్సులు రాసే ప్రాక్టికల్ పరీక్ష రాయనక్కర్లేదు. 2025 జూలైలో కేర్ వర్కర్లను విదేశాల నుంచి తీసుకోవడం ఆపేసినా నర్సులకు ఆ తలుపు తెరిచే ఉంది. కానీ ఆసుపత్రుల బడ్జెట్లు కుదించుకుపోయి, కొత్తగా చదువు ముగించిన స్వదేశీ నర్సులకే ఉద్యోగాలు చాలక, 2025 ఆగస్టులో ప్రభుత్వం వారికోసం ప్రత్యేక హామీ ప్రకటించాల్సి వచ్చింది. చదువు తర్వాతి గ్రాడ్యుయేట్ వీసా కూడా 2027 జనవరి నుంచి రెండేళ్ల బదులు 18 నెలలే. జర్మనీలో మూడేళ్ల నర్సింగ్ శిక్షణలో చేరడానికి ముందే ఆసుపత్రితోనో వృద్ధాశ్రమంతోనో ఒప్పందం ఉండాలి, శిక్షణ కాలంలో నెలకు వెయ్యి యూరోలకు పైగా వేతనం వస్తుంది. అంటే అమెరికాలో చదువు చివర వెతుక్కునే యజమాని, అక్కడ చదువు మొదట్లోనే ఉంటాడు. భాష నేర్చుకోవడం పెద్ద శ్రమే. తెలంగాణలో టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థలు నర్సులను అటు పంపే పనిలో ఉన్నాయి.

అమెరికానే ఎంచుకున్నవారు కాలేజీని అడగాల్సింది ఎన్‌క్లెక్స్ ఉత్తీర్ణత శాతం ఒక్కటే కాదు. గత రెండు మూడేళ్లలో ఎఫ్-1పై చదివి బయటికి వచ్చినవారిని ఏయే ఆసుపత్రులు చేర్చుకున్నాయి, ఓపీటీ ముగిశాక వారు ఏ వీసాపై ఉన్నారు అని అడగాలి. ఆసుపత్రి లేదా స్టాఫింగ్ సంస్థ 'స్పాన్సర్ చేస్తాం' అన్నప్పుడు, వేసేది హెచ్-1బీయా ఐ-140ఆ, ఎప్పుడు వేస్తారు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నవి ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి. రెండు మూడేళ్లు పనిచేయాలన్న షరతు, మానేస్తే వేల డాలర్ల జరిమానా అన్న షరతు ఈ రంగంలో మామూలు. ఫిలిప్పీన్స్ నర్సులు వేసిన దావాలో 2019లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు, ఉద్యోగం మధ్యలో వదిలితే 25,000 డాలర్ల వరకు కట్టాలన్న షరతు చెల్లదనీ, నర్సులను బెదిరించి పనిలో ఉంచడానికి దాన్ని వాడుకోవడం మానవ అక్రమ రవాణా నిరోధక చట్టాన్ని ఉల్లంఘించడమేననీ తీర్పు ఇచ్చింది. సంతకం చేశాక కోర్టుకెక్కే శక్తి అందరికీ ఉండదు కాబట్టి, ఆ పత్రాన్ని సంతకానికి ముందే ఒక స్వతంత్ర ఇమిగ్రేషన్ న్యాయవాదికి చూపించాలి. ఆ న్యాయవాది సంస్థ కుదిర్చినవారు కాకూడదు, నర్సు తన డబ్బుతో పెట్టుకున్నవారై ఉండాలి.